బీపీ సరే, మా నాయనకు రోజెట్లా గడిచిందో కూడా చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వృద్ధాశ్రమాల మీద, కేర్ హోమ్‌ల మీద పేపర్లలో వచ్చే వార్తలు ఎక్కువగా రెండు రకాలే. ఎవరో పుట్టినరోజుకు పండ్లు పంచారని ఒకటి, ఎక్కడో ముసలాయన్ను గదిలో పెట్టి తాళం వేశారని ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్యన రోజూ నడిచే బతుకు ఒకటుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా లోపల ఉన్న మనిషికి ఎలా గడుస్తోంది అన్న సంగతి ఎవరూ అడగడం లేదు, ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా నాయనకు డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, అందులో అల్జీమర్స్ రకమని డాక్టర్లు తేల్చారు. కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ మీద పనిచేసి రిటైరైన మనిషి, సుంకేసుల నుంచి కిందికి ఏ తూము ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అమ్మ పోయాక మా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రిళ్లు గేటు తీసుకుని రోడ్డెక్కడం మొదలయ్యాక, నాకూ మా ఆయనకూ ఉద్యోగాలు, తమ్ముడేమో బెంగళూరు, అందరం కూర్చుని మాట్లాడుకుని కర్నూలులోనే ఒక ప్రైవేటు హోమ్‌లో చేర్చాం. కన్నతండ్రిని హోమ్‌లో పెట్టినారని బంధువులు అన్నవన్నీ అన్నారు, ఆ చర్చ ఇప్పుడు వద్దు. ఆ హోమ్ పేరు కూడా రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్కచోట జరుగుతున్నది కాదు.

హోమ్ శుభ్రంగానే ఉండేది. రోజూ పొద్దున వాట్సాప్‌లో రిపోర్టు వచ్చేది. బీపీ ఇంత, షుగర్ ఇంత, మోషన్ అయింది, స్నానం అయింది, టిఫిన్ తిన్నారు, పక్కన ఒక ఫొటో. వారానికోసారి బరువు. చివర్లో ఎప్పుడూ ఒకే ముక్క, 'కామ్ అండ్ కోఆపరేటివ్'. తమ్ముడు ఆ మెసేజ్ చూసుకుని నిశ్చింతగా ఆఫీసుకు పోయేవాడు, నిజానికి అందులో ఒక్క అంకెకు కూడా వంక పెట్టడానికి లేదు. కానీ వెళ్లి చూస్తే మనిషిలో మాట తగ్గిపోతోంది. హాల్లో టీవీ ముందు కుర్చీలో కూర్చోబెడితే ఎలా కూర్చోబెట్టారో అలాగే ఉండేవాడు. టీవీలో ఏదో సీరియల్ నడుస్తుంటుంది, ఈయనకు వినపడదు, ఎందుకంటే చెవి మిషన్ ఎక్కడన్నా పడేస్తాడని బీరువాలో పెట్టి తాళం వేశారు. మిషన్ లేక వినపడదు, వినపడక మాట్లాడడు, మాట్లాడడం లేదు కాబట్టి 'జబ్బు ముదిరిపోయింది మేడమ్' అని మళ్లీ వాళ్లే నాకు చెప్పారు. ఈ జబ్బులో చాలామందికి పొద్దుగూకే వేళకు గాబరా పెరుగుతుంది, ఇంటికి పోవాలంటారు, తలుపు దగ్గర తచ్చాడుతుంటారు. ఆ వేళకు మాకు చెప్పకుండా ఒక మాత్ర మొదలుపెట్టారు. ఏం మాత్రో కనుక్కుంటే మానసిక రోగాలకు వాడే యాంటీసైకోటిక్ మందు.

ఈ మందుల సంగతి కుటుంబాలకు తెలియాలి కాబట్టి చెబుతున్నా. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకు ఇవి వాడితే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని 2005లోనే అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులకు తన అన్నిటికన్నా గట్టి హెచ్చరిక తగిలించింది. బ్రిటన్‌లో ప్రభుత్వం అడిగితే ప్రొఫెసర్ సుబే బెనర్జీ 2009లో ఒక నివేదిక ఇచ్చారు, అక్కడ డిమెన్షియా ఉన్నవాళ్లలో సుమారు 1,80,000 మందికి ఈ మందులు ఇస్తున్నారని, దానివల్ల ఏడాదికి అదనంగా 1,800 మంది దాకా ప్రాణాలు పోతున్నాయని అందులో అంచనా వేశారు. డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ, తక్కువ మోతాదులో, కొన్నాళ్లకే అని ఇస్తే అవసరమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ సాయంత్రం డ్యూటీలో మనుషులు తక్కువ ఉన్నారని, అందరూ త్వరగా పడుకుంటే బాగుంటుందని ఇచ్చే మాత్ర వైద్యం కిందికి రాదు. ఆ మాత్ర పడ్డాక నాయన ఇంకా 'కామ్' అయ్యాడు, రిపోర్టు ఇంకా బాగుంది.

నాయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక మాట అంటుండేవాడు. కాలవ మొదట్లో, హెడ్ దగ్గర నీటిమట్టం చూపే గేజీ చూసి నీళ్లు పోతున్నాయని రిజిస్టర్‌లో రాస్తే సరిపోదు, కిందికి దిగి చిట్టచివరి తూము కింద ఉన్న రైతును అడగాలి అని. నాకు రోజూ వాట్సాప్‌లో వచ్చింది హెడ్ దగ్గరి గేజీ.

మరి చివరన ఉన్న మనిషిని ఎలా అడగాలి, మతి తప్పిన మనిషి చెప్పేదానికి లెక్కేముంది అంటారు. ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. డిమెన్షియా ఉన్నవాళ్ల బతుకు ఎలా ఉందో కొలవడానికి పాతికేళ్లకు పైగా పద్ధతులున్నాయి, పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు, ఒక కాగితం, ఒక పెన్ను, కాస్త ఓపిక ఉన్న మనిషి చాలు. అన్నిటికన్నా ఎక్కువగా వాడేది క్యూఓఎల్-ఏడీ అనే ప్రశ్నల కాగితం, అమెరికాలో రెబెకా లాగ్స్‌డన్, ఆమెతో పనిచేసినవాళ్లు 1999లో తెచ్చారు. 13 ప్రశ్నలు. ఒంట్లో ఎలా ఉంది, ఓపిక ఉందా, మనసెలా ఉంది, ఉంటున్న చోటు ఎలా ఉంది, జ్ఞాపకశక్తి, కుటుంబం, దాంపత్యం, స్నేహితులు, మొత్తంగా మీ గురించి మీకేమనిపిస్తోంది, ఇంటి పనులు చేయగలుగుతున్నారా, సరదాగా ఏమన్నా చేస్తున్నారా, డబ్బు సంగతేంటి, మొత్తం మీద బతుకు ఎలా ఉంది. ప్రతిదానికీ నాలుగే జవాబులు, బాగాలేదు, ఫర్వాలేదు, బాగుంది, చాలా బాగుంది. అన్నీ కూడితే 13 నుంచి 52 మధ్యలో ఒక అంకె వస్తుంది. మామూలు మతి పరీక్షలో 30కి 3 నుంచి 11 మధ్య మార్కులు వచ్చేవాళ్లలో, అంటే జబ్బు బాగా ముదిరినవాళ్లలో కూడా ఈ ప్రశ్నలు పనిచేస్తాయని లండన్ పరిశోధకులు 2005లో చూపించారు. మనమేమో జబ్బు పేరు వినగానే ఆ మనిషిని అడగడం మానేసి, ఆయన ముందే నిలబడి, ఆయన గురించి పక్కవాళ్లను అడుగుతాం. 'తిన్నాడా? పడుకున్నాడా? గొడవేమన్నా చేశాడా?'

నేను ఆ ప్రశ్నలు నాయనను అడిగాను. పరిశోధకులు అడిగే పద్ధతిలో కాదు, చెవి మిషన్ తీయించి పెట్టి, కళ్లద్దాలు తుడిచిచ్చి, పక్కన కూర్చుని కబుర్లలాగా అడిగాను. జ్ఞాపకశక్తి ఎలా ఉందంటే 'నాకేం, బాగుంది' అన్నాడు. కుటుంబం అంటే 'మీరున్నారు గదా, బాగుంది' అన్నాడు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మొహం మారిపోయింది. 'నా పెన్షన్ ఎవరు తీసుకుంటున్నారు? జేబులో రూపాయి లేదు, ఎవరన్నా వస్తే టీ తాగించేదెట్లా?' అని జేబు లాగి చూపించాడు. బతికినన్నాళ్లూ చొక్కా జేబులో నోటు లేకుండా గడప దాటని మనిషి, ఆ హోమ్‌లో డబ్బులు ఉంచుకోవడం నిషేధం. స్నేహితుల గురించి అడిగితే 'ఎవరూ రావడం లేదు, నేనేం తప్పు చేశానో' అన్నాడు. ఆరా తీస్తే తెలిసింది, ఆయనతో పాటు కాలవ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసిన పాతబస్తీ పెద్దాయన, మేమంతా భాయ్ అని పిలుస్తాం, కొండారెడ్డి బురుజు దగ్గర్నుంచి ఆటోలో వచ్చి, పేషెంటు డిస్టర్బ్ అవుతాడు, ఫ్యామిలీ మెంబర్లకే పర్మిషన్ అంటే వెనక్కి పోయాడట. వాళ్లిద్దరూ కూర్చుంటే సగం తెలుగు, సగం ఉర్దూ. నాయనకు మొన్నటి విషయాలు గుర్తుండవు గానీ ఉర్దూ ఒక్క ముక్క పోలేదు. ఏ బీపీ మిషన్ చెబుతుంది ఈ సంగతి?

అదే రోజు డ్యూటీలో ఉన్న అటెండర్‌ను కూడా అడిగాను, మా నాయన ఎలా ఉన్నాడనుకుంటున్నావు బాబూ అని. 'మీ నాయనకేం మేడమ్, అందరికన్నా ఆయనే బాగున్నాడు, ఒక్క మాట అనడు, పిలిస్తే లేస్తాడు, పెడితే తింటాడు' అన్నాడు. అబద్ధం చెప్పలేదు ఆ అబ్బాయి, నిజంగానే అలా అనుకుంటున్నాడు. బ్రిటన్‌లో కేర్ హోమ్‌ల మీద 2006లో వచ్చిన ఒక పరిశోధనలో సరిగ్గా ఇదే తేలింది. లోపల ఉండేవాళ్లు తమ బతుకు ఎలా ఉందని చెప్పేది వాళ్ల దిగులు, ఆందోళనను బట్టి ఉంటోంది. సిబ్బంది ఆ మనిషి బతుకు ఎలా ఉందని చెప్పేది ఆ మనిషి ఎంతమేరకు తమ మీద ఆధారపడి ఉన్నాడు, ఎంత గొడవ చేస్తున్నాడు అనే దాన్నిబట్టి ఉంటోంది. అంటే మూలన కూర్చుని దిగులుతో కుమిలిపోయేవాడికి సిబ్బంది దగ్గర మంచి మార్కులు పడతాయి. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కుటుంబ సభ్యుల మాటే కరెక్టని కూడా నేను అనను. ఇంట్లోవాళ్లు వేసే మార్కులు మామూలుగా ఆ మనిషి స్వయంగా వేసుకునే మార్కులకన్నా తక్కువే ఉంటాయని చాలా అధ్యయనాల్లో వచ్చింది, మన దిగులు, మన అలసట అందులో కలిసిపోతాయి. ఇంకొకటి, జ్ఞాపకశక్తి ఎంత పోయిందన్నదానికీ, బతుకు బాగుందా లేదా అని ఆ మనిషి చెప్పేదానికీ పెద్దగా సంబంధం లేదు. దిగులు ఉందా లేదా అన్నదానికి ఉంది. ఈ ఒక్క విషయం కుటుంబాలకు అర్థమైతే చాలా మారుతుంది, ఎందుకంటే మతి తిరిగి రాదు, ఆ దిగులును మాత్రం తగ్గించే వీలుంది.

కానీ మనిషి చెప్పేది తప్పయితే? పొద్దున భాయ్ వచ్చి వెళ్లినా సాయంత్రానికి మర్చిపోయి 'ఎవరూ రాలేదు' అంటే ఏం చేయాలి? ఈ ప్రశ్న న్యాయమైనదే, నేనూ చాలా ఆలోచించాను. అయోవా విశ్వవిద్యాలయంలో 2014లో ఒక ప్రయోగం చేశారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే సినిమా ముక్కలు, తర్వాత నవ్వించే ముక్కలు చూపించారు. కాసేపటికే చూసిందేమిటో చాలామందికి గుర్తు లేదు, కానీ ఆ బాధ, ఆ సంతోషం మాత్రం మనసులో ఇంకా ఉన్నాయి. భాయ్ వచ్చిన సంగతి నాయన మర్చిపోవచ్చు, ఆయన వచ్చిపోయిన రోజు సాయంత్రం నాయన అన్నం తినే తీరే వేరుగా ఉంటుంది. అందుకని ఎవరొచ్చారని అడిగి తప్పొప్పులు దిద్దడం కాదు, ఒంటరిగా అనిపిస్తోందా అని అడగాలి. దానికి ఆయన చెప్పేదే సాక్ష్యం, దాన్ని కొట్టేయడానికి మనమెవరం?

మన దగ్గర ఇంకో చిక్కుంది, అది ఆ కాగితాల్లో రాసి ఉండదు. మన పెద్దవాళ్లను కన్నబిడ్డలు అడిగితే 'బాగానే ఉంది తల్లీ, నువ్వు పో, నీ పని చూసుకో' అంటారు. బిడ్డకు భారం కాకూడదని. హోమ్‌వాళ్లు అడిగితే ఇంకా బాగుందంటారు, రాత్రికి నీళ్లిచ్చేది వాళ్లే కదా, ఆ భయం. ఇటు బిడ్డా, అటు హోమ్ మనిషీ కాని మూడో మనిషి అడగాలి. కర్నూలులో మెడికల్ కాలేజీ ఉంది, నర్సింగ్ కాలేజీలున్నాయి, సోషల్ వర్క్ చదివే పిల్లలున్నారు. నెలకోసారి ఇద్దరిద్దరు పిల్లలు ఒక్కో హోమ్‌కు వెళ్లి, పక్కన కూర్చుని, మాతో మాట్లాడినట్టు ఇక్కడి తెలుగులోనో ఉర్దూలోనో అడిగి రాస్తే ఖర్చేముంది? మతి పరీక్షలైతే తెలుగులో తయారయ్యాయి, హైదరాబాద్ నిమ్స్‌లో చేశారు, ఐసీఎంఆర్ వాళ్ల పరీక్షల్లోనూ తెలుగు ఉంది. ఎంత మర్చిపోయారో తెలుగులో కొలుస్తున్నాం, ఎలా బతుకుతున్నారో అడగడం మాత్రం ఈ ఊళ్లో నేను చూసిన ఏ హోమ్‌లోనూ లేదు.

మన ఊరికి తగిన ప్రశ్నలు మనమే కలుపుకోవాలి కూడా. ఒక ఉదాహరణ చెబుతా. 2009 అక్టోబర్ 2 వరద చూసిన పెద్దవాళ్లు కర్నూలు హోమ్‌లలో ఎంతమంది ఉంటారో ఆలోచించండి. రాత్రి గట్టిగా వాన పడి ఉరిమితే మా నాయన లేచి కూర్చుని 'సామాను పైకెత్తండి, పిల్లల్ని మేడెక్కించండి' అంటాడు. ఆ హోమ్‌లో అది వాగుడు, ఆ రాత్రి రిపోర్టులో 'నిద్ర లేదు, డిస్టర్బెన్స్' అని రాసేవాళ్లు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషెవరైనా దగ్గరుంటే 'నీళ్లు తీసేసినాయి సార్, అందరూ పైనే ఉన్నారు' అని ఒక్క మాట అంటే పడుకునేవాడు. అమెరికా కాగితంలో వరద ప్రశ్న ఉండదు, మనం రాసుకునే కాగితంలో ఉండాలి.

ఇక మాట పూర్తిగా పోయినవాళ్ల సంగతి. వాళ్లను అడగలేం, కనిపెట్టి చూడాలి. దానికీ పద్ధతులున్నాయి. జబ్బు చివరి దశలో ఉన్నవాళ్ల కోసం 2000లో టెక్సాస్‌లో తయారైన క్వాలిడ్ అనే స్కేల్‌లో 11 విషయాలుంటాయి. గడిచిన వారంలో నవ్వాడా, ఏడ్చాడా, మొహంలో బాధ కనిపించిందా, తింటుంటే ఇష్టంగా తింటున్నాడా, చెయ్యి పట్టుకుంటే బాగుందనిపిస్తోందా, నలుగురితో ఉంటే ఇష్టపడుతున్నాడా, ఇలాంటివి. దీంట్లో మార్కులు ఎంత తగ్గితే అంత మంచిది. బ్రాడ్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో టామ్ కిట్‌వుడ్ మొదలుపెట్టిన డిమెన్షియా కేర్ మ్యాపింగ్ ఇంకా గట్టిది, శిక్షణ పొందిన మనిషి హాల్లో గంటల తరబడి కూర్చుని ప్రతి 5 నిమిషాలకూ ఒక్కొక్కరు ఏం చేస్తున్నారు, మనసెలా ఉందని రాసుకుంటారు, సిబ్బంది ఆ మనిషిని పలకరించిన తీరు కూడా రాస్తారు. అంత మన దగ్గర ఇప్పుడే కుదరదు, ఒప్పుకుంటాను. కానీ నొప్పిని చూసే పెయిన్‌యాడ్ అనే స్కేల్ 2003 నుంచి ఉంది, ఊపిరి, మూలుగు, మొహం, ఒంటి తీరు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అని అయిదే విషయాలు, 10 మార్కులు, ఏ ఆయాకైనా చూపించి నేర్పించొచ్చు.

నొప్పి గురించి ఎందుకింత చెబుతున్నానంటే, నాయన పక్క గదిలో ఒక పెద్దావిడ ఉండేది. స్నానం చేయించేటప్పుడు వీధి చివరిదాకా వినపడేలా అరిచేది, అందరూ ఆమెను అరుపులామె అనేవాళ్లు, ఆమెకూ సాయంత్రం మాత్ర వేసేవాళ్లు. కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆయా, చదువు పెద్దగా లేదు, ఆమె కనిపెట్టింది. అన్నివేళలా అరవడం లేదు, జాకెట్ తొడిగేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి తిప్పితేనే అరుస్తోంది. భుజం పట్టేసింది. ఆ ఆయా ముందు గుండీలున్న నైటీ తెప్పించి, ఎడమ చెయ్యి మొదట తొడిగి, కుడి చెయ్యి తర్వాత తొడిగేది. అరుపు ఆగింది. డాక్టరుకు చూపిస్తే భుజానికి వైద్యం మొదలైంది. ఆ ఆయా చేసినదాన్ని రాసుకోవడానికి ఆ హోమ్ రిపోర్టులో గడి లేదు, ఆమె జీతంలో పైసా పెరగలేదు. కాబట్టి బతుకు కొలవడం అంటే ఆయాల నెత్తిన ఇంకో ఫారం రుద్దడం అనుకోవద్దు. ఇప్పటికే ఒక్కొక్కరు పన్నెండు గంటల డ్యూటీలు చేస్తున్నారు, ఇంతమంది పెద్దవాళ్లకు ఒక్కరే ఉన్నప్పుడు, ఆ ఒక్కరూ ఫారం నింపుతూ కూర్చుంటే నీళ్లిచ్చేదెవరు? బాత్రూమ్ ఎన్నిసార్లు తుడిచారన్న పుస్తకం తీసేసి, ఈ పెద్దాయనకు ఇవాళ ఏది నచ్చింది, దేనికి ఇబ్బంది పడ్డాడు అని రెండు ముక్కలు రాయించండి చాలు. రాయడం రాకపోతే చెప్పమనండి, మేనేజరు రాసుకుంటాడు.

ఇప్పుడు నాయన వేరే హోమ్‌లో ఉన్నాడు, చిన్నది, ఊరి చివర. టైల్స్ లేవు, ఏసీ లేదు. చెవి మిషన్‌కు దారం కట్టి చొక్కా గుండీకి ముడేశారు, ఇంతవరకు పోలేదు. జేబులో యాభై నోటు ఉంటుంది. మందు డాక్టరే మెల్లగా తగ్గించి ఆపేశారు. పొద్దున జొన్నరొట్టె పెడుతూ ఆయా అడుగుతుంది, 'ఏం సారూ, కాలవకు నీళ్లిడిసినారా?' ఆ ఒక్క ప్రశ్నకు నాయన అరగంట చెబుతాడు, గేట్లు చూసే లస్కర్ రాలేదని, కింద రైతులు గొడవ పడుతున్నారని, ఈసారి ఆరుతడి పంటలే వేసుకోమని చెప్పమని. ఆమె ఊఁ కొడుతూ పక్కాయనకు కూడా రొట్టె తుంచి పెడుతుంది. మతి పరీక్ష మార్కులు పోయినేడాదికన్నా తగ్గాయి, బీపీ ముందటి హోమ్‌లో ఉన్నంత అదుపులో లేదు, అదీ చూసుకుంటున్నాం. కానీ 'సరదాగా ఏమన్నా చేస్తున్నావా నాయనా' అంటే 'తీరికెక్కడిదమ్మా, పని ఉంది గదా' అంటాడు.

అధికారులకు చెప్పాల్సింది చెబుతాను. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం అంచనా, పల్లెల్లో ఇంకా ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. వీళ్లకు హోమ్‌లు వస్తూనే ఉంటాయి, కర్నూలులో, అనంతపురంలో, కడపలో ఇప్పుడిప్పుడే బోర్డులు లేస్తున్నాయి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ప్రభుత్వం పెట్టొచ్చన్న మాటతో పాటు, ఆశ్రమాల ప్రమాణాల గురించి చెబుతూ వైద్యం, వినోదం రెండూ రాశారు. వినోదం అన్నది చట్టంలోనే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు వైద్యం రిజిస్టర్ అడుగుతారు, ఫైర్ సిలిండర్ చూస్తారు, వంటగది చూస్తారు, మంచిదే, అవన్నీ చూడాల్సినవే. వినోదం మాత్రం హాల్లో టీవీ ఉందా అన్నదగ్గర ఆగిపోతోంది.

పింఛన్ల దగ్గరా అంతే. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు రాష్ట్రంలో నెలకు 15,000 ఇస్తున్నారు, చాలా మంచి పని. కాళ్లు బాగా ఉండి, రాత్రి రెండింటికి గేటు దూకే డిమెన్షియా మనిషికి, ఆయన్ను ఒక్క నిమిషం వదలలేని ఇంటికి, వయసు మీద వచ్చే 4,000 మాత్రమే. మా నాయనకు సర్కారు పెన్షన్ ఉంది కాబట్టి మా కోసం అడగడం లేదు.

జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ, వైద్యారోగ్య శాఖ వాళ్లకు నా విన్నపం. డిమెన్షియా ఉన్నవాళ్లను చేర్చుకునే ప్రతి హోమ్‌లో మూడు నెలలకోసారి, బయటి మనిషి వచ్చి, మాట్లాడగలిగినవాళ్లను అడిగి, మాట్లాడలేనివాళ్లను కనిపెట్టి రాసిన కాగితం ఫైల్లో ఉండాలని పెట్టండి. మానసిక మందులు ఎవరికి, ఎందుకు, ఎప్పటినుంచి ఇస్తున్నారో, కుటుంబానికి చెప్పారో లేదో పక్కనే రాయించండి. ఆ మార్కులను హోమ్‌లు బోర్డు మీద రాసుకుని ప్రచారం చేసుకోకుండా చూడండి, ఎందుకంటే అప్పుడు మళ్లీ మార్కుల కోసం 'బాగుందని చెప్పు తాతా' అని నేర్పిస్తారు. ఒకసారి ఇంత, మూడు నెలలకు ఇంత, తగ్గితే ఎందుకు తగ్గింది, అదొక్కటే చూడండి. తనిఖీకి ముందే ఫోన్ చేసి పొద్దున పదకొండింటికి రావద్దు. చెప్పకుండా సాయంత్రం ఆరింటికి రండి, ఒక గంట హాల్లో ఊరికే కూర్చోండి.

హోమ్‌లో పెద్దవాళ్లున్న కుటుంబాలకూ ఒక మాట. వెళ్లినప్పుడు ముందు చెవి మిషన్, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు మనిషి మీద ఉన్నాయా, బీరువాలో ఉన్నాయా చూడండి. మాత్రల పేర్లు ఫొటో తీసుకుని మీ డాక్టరుకు చూపించండి, సొంతంగా మాత్రం ఆపేయకండి. పాత దోస్తులను, పక్కింటివాళ్లను రానివ్వమని హోమ్‌వాళ్లకు రాసివ్వండి. ఎక్కడన్నా అన్యాయం జరుగుతోందనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. రోజూ వచ్చే మెసేజ్‌లో బీపీతో పాటు ఇవాళ ఎవరితో మాట్లాడాడు, ఎప్పుడు నవ్వాడు అని కూడా రాయమని అడగండి. మేం అడిగాం. మొదట్లో విచిత్రంగా చూశారు, ఇప్పుడు అడక్కుండానే పంపుతున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బి.క్యాంపు, కర్నూలు